కారు లేకుండా, శుక్రవారం నాడు

ఊటీ చూడాలన్నది కోరుట్లలో ఉండే మా చిన్నమ్మ కోరిక. చిన్నాయన దుబాయ్‌లో పని చేస్తాడు. రెండేళ్లకోసారి దొరికే సెలవు పెళ్లిళ్లకూ చావులకూ సరిపోతుంది. ఇన్నేళ్లలో ఆమె వేములవాడ దాటింది లేదు. "గుట్ట మీద సలి ఎట్లుంటదో ఒక్కపారి సూడాలె" అన్నదొకరోజు, బీడీల ఆకు కత్తిరిస్తూ. నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని, ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంది. పోదాం పద అన్నాను.

పక్కిళ్ల అక్కలిద్దరు మేమూ వస్తామన్నారు. వాళ్ల భర్తలూ గల్ఫ్‌లోనే ఉంటారు. సిరిసిల్ల నుంచి పెద్దమ్మ కలిసింది. జీవితమంతా బట్టలు నేసే సాంచాల చప్పుడు మధ్య గడిపిన మనిషి, ఫోన్‌లో కూడా అరిచే మాట్లాడుతుంది. "నేనస్తున్న. నా దుప్పటి నేనే తెచ్చుకుంట" అని అరిచింది.

ఈ సంగతి జగిత్యాలలో ఉండే మామకు తెలిసింది. మా అమ్మవాళ్లకు అన్న. ఆయనకు కారుంది. కారుంది కాబట్టి మా ప్రయాణాలన్నీ తన చేతిలోనే ఉన్నాయనుకుంటాడు.

"కారు లేక గుట్టల మీద ఏం తిరుగుతరు? దసరాకు నేనే తోల్కపోత" అన్నాడు.

"మీ ఇంటోళ్లు ఎక్కినంక మాకు సీట్లెక్కడుంటయ్ మామా?"

"ఇద్దరస్తే అయితది. మిగిలినోళ్లు మళ్లోపారి."

ఆ 'మళ్లోపారి' విని నా ఒళ్లు మండింది. ఆ సాయంత్రమే అంతా ఖాయం చేసేశాను. సికింద్రాబాద్ దాకా బస్సు, కోయంబత్తూరు దాకా రైలు, అక్కణ్నుంచి ఘాట్ మీదికి మళ్లీ బస్సు. బస్టాండు పక్కనే గదులు తీసుకున్నాను, పూలతోటకూ మార్కెట్‌కూ నడిచే వెళ్లొచ్చు. దూరపు చోట్లకు ఊళ్లో తిరిగే బస్సులున్నాయి. ఎవరి కారూ అక్కర్లేదు.

కోరుట్లకు వెళ్లి, ముగ్గురినీ కూర్చోబెట్టి ఫోన్‌లో టికెట్లు చూపించాను.

"శుక్కురారమా?" అన్నది ఒక అక్క. "గింత సదివినవ్, శుక్కురారం ఏందో ఎర్కలేదా నీకు?"

నాకు శుక్రవారమంటే శని ఆదివారాలకు ముందు రోజు, అంతే. వాళ్లకు అది గల్ఫ్‌లో సెలవు రోజు. ఆ వాడలో ఆ పూట ఏ ఆడమనిషీ గడప దాటదు. మధ్యాహ్నం నుంచి ప్రతి ఇంట్లో వీడియో కాల్. చిన్నమ్మ ఫోన్‌ను బీడీల చాటకు ఆనించి పని చేసుకుంటుంది, చిన్నాయన అక్కణ్నుంచి చూస్తూ ఉంటాడు.

"ఫోన్ వెంట ఉంటది కదా చిన్నమ్మా, రైల్లో మాట్లాడు" అన్నాను.

"ఫోన్ పట్కపోవచ్చు బిడ్డా. ఇల్లు పట్కపోలేం గదా. ఆయనకు ఇల్లు కనవడాలె. నేను ఇంట్ల కనవడాలె."

చిన్నాయనకు ఊటీ సంగతి ఆమె ఇంకా చెప్పలేదని అప్పుడు అర్థమైంది. మార్చుకుందామంటే మిగతా రోజుల్లో సీట్లు లేవు. ఇది తెలిసి మామ ఫోన్ చేసి నవ్వాడు. "సెప్పిన గదా, దసరాకు పోదమని." నేను ఏదో అనబోతుంటే చిన్నమ్మ ఫోన్ లాక్కుంది.

"అన్నా, మేం శుక్కురారమే పోతున్నం" అని పెట్టేసింది.

శుక్రవారం తెల్లారకముందే, ఆధార్ కార్డులు చూపించి, ఆడవాళ్లకు ఉచితమైన బస్సెక్కాం. సికింద్రాబాద్‌లో పెద్దమ్మ దుప్పటితో సహా ఎదురుచూస్తోంది. రైలు కదిలి, పెద్దమ్మ విప్పిన మూటలో సకినాలు సగం అయ్యేసరికి ఒక ఫోన్ మోగింది. దాని వెంటే ఇంకోటి. తర్వాత చిన్నమ్మది. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒక అక్క ఫోన్‌ను సంచిలో కుక్కబోయింది.

"లోపల వెట్టకు. మనమేం దొంగతనం జెయ్యలే" అన్నది చిన్నమ్మ, తన ఫోన్ ఎత్తుతూ.

"గదేంది, ఎక్కడున్నవ్?" తెర మీద చిన్నాయన మొహం.

"రైల్ల. ఊటీ పోతున్న."

"ఎవల్నడిగి పోతున్నవ్? మీ అన్న అచ్చిండా?"

"రాలే. ఆయన కారు లేదు, ఆయన లేడు. ఆడోళ్లమే పోతున్నం."

"నాకొక్క మాట సెప్పద్దా?"

"సెప్పద్దా అంటె సెప్తున్న గదా. నువ్వు దుబాయ్ పోయేటప్పుడు వీసా అచ్చినంకనే నాకు సెప్పినవ్."

"ఇల్లెవలు సూస్తరు?"

"తాళం సూస్తది."

కాల్ కట్టయింది. నా కోపం నషాళానికి అంటింది. ఫోన్ ఇటివ్వు, నేనే చేసి అడుగుతానన్నాను. చిన్నమ్మ ఇవ్వలేదు.

"నీ కోపం నీ దగ్గర్నే పెట్టుకో. మాట్లాడాలనిపిస్తె ఆయనే జేస్తడు. జెయ్యకుంటె నేనేం రైలు దిగ."

అక్కలిద్దరూ తమ ఫోన్లు ఎత్తారు. ఒకామె నవ్వుతూ, ఒకామె తిట్లు తింటూ, ఇద్దరూ రైల్లో ఉన్నామనే చెప్పారు. చిన్నమ్మ ఇంకో సకినం విరిచి నోట్లో వేసుకుని నా పక్కకు జరిగింది.

"కోయంబత్తూర్ల దిగినంక ఏ బస్సెక్కాల్నో మళ్లొక్కసారి సెప్పు. ముందట సీట్లు నేను పట్టుకుంట."