గేరు హబ్‌లో ఆముదం

యలహంకలోని మా ఇంటి నుంచి పీణ్యలో నేను పనిచేసే మెషిన్ షాపు దాకా దారంతా ఎత్తులే. మామూలు సైకిల్ తొక్కి తొక్కి మోకాళ్లు పాడైతే, తొంభైల చివర్లో కొన్నాళ్లు బావమరిది మోపెడ్ వెనక కూర్చుని వెళ్లాను. వాడి నోట్లో ఎప్పుడూ గుట్కా. బండి నడుపుతూనే పక్కకు తిరిగి ఉమ్మేవాడు. గాలి దాన్ని తెచ్చి నా మొహాన కొట్టేది. షాపులో అందరూ టీ తాగుతుంటే నేను కొళాయి దగ్గర చొక్కా మీది ఎర్ర చుక్కలు కడుక్కునేవాణ్ణి. చెబితే నా భార్యకి కోపం.

"మావోడు ఊరికే తీస్కపోతాండాడు, దానికీ వంకలేనా?" అనేది.

ఆ బండి ఎక్కకుండా బతకాలి, అంతే. అందుకే గుజరీ అంగట్లో పాత సామాన్ల మధ్య ఓ విదేశీ సైకిల్ చక్రం కనిపించగానే ప్రాణం లేచొచ్చింది. మూడు గేర్లు, మూడూ చక్రం మధ్యలోని హబ్ లోపలే ఉన్నాయి. నా సైకిల్ వెనక చక్రం అంగడివాడికే ఇచ్చేసి దాన్ని తెచ్చుకున్నాను. వెనక ఫోర్కును సాగదీసి, చక్రం ఇరికించి, హ్యాండిల్‌కి గేరు మీట బిగించేసరికి ఒక ఆదివారం పోయింది. మరునాడు పీణ్య ఎత్తు సీటు మీంచి దిగకుండా ఎక్కాను. తొక్కుతుంటే హబ్ టిక్‌టిక్‌మనేది. చొక్కా సాయంత్రం దాకా తెల్లగా ఉండేది.

మాతోనే ఉండే మా నాయన ఒకప్పుడు అనంతపురం వైపు ఎద్దులబండి తోలిన మనిషి. చక్రం చప్పుడు చేసిందంటే ఇరుసు ఎండిందనే ఆయన లెక్క. ఓ పొద్దున నేను స్నానానికి వెళ్లినప్పుడు, హబ్ మీది చిన్న రంధ్రంలోంచి పొర్లేదాకా ఆముదం పోశాడు.

"ఇంక సూడప్పా, కిక్కురుమనదు," అన్నాడు సంబరంగా.

నిజమే, కిక్కురుమనలేదు. పొద్దుటి చలికి ఆముదం లోపల జిగురులా పట్టేసింది. ఎత్తు మధ్యలో పెడల్ ఉత్తినే గిర్రున తిరిగింది. నేను సైకిల్ కడ్డీ మీద కూలబడ్డాను. ఎక్కడ తగిలిందో చెప్పను.

ఆదివారం బాత్రూంలో కూర్చుని హబ్ విప్పాను. నల్లటి జిడ్డు, కుళ్లు కంపు. లోపల గేరు పట్టే ఇనుప నాలుకలు గోరంత, వాటిని లేపే స్ప్రింగులు వెంట్రుకంత. కిరసనాయిలుతో కడుగుతుంటే ఒక స్ప్రింగు జారి తూములోకి పోయింది. ముంజేయి దాకా దూర్చి వెతికాను. జుట్టు ఉండలు, సబ్బు జిడ్డు, ఎవరో పుండుకి కట్టుకున్న పాత గుడ్డ వచ్చాయి. స్ప్రింగు రాలేదు. అది లేందే గేరు పట్టదు. సైకిల్ షాపులన్నీ తిరిగితే, అలాంటిది చూడనే లేదన్నారు.

"తీగముక్కకి ఇంత రాద్ధాంతమా? మా ఎద్దులబండ్లో అట్లాంటివేమీ ఉండవప్పా," అన్నాడు మా నాయన.

ఆముదం మీద, తూము మీద, ఆయన మీద ఒకేసారి రోత పుట్టింది.

సోమవారం మోపెడ్ వాకిట్లో ఆగింది. నన్ను చూసి బావమరిది మర్యాదగా నోట్లోది గోడ మీద ఉమ్మేశాడు.

"దా బావా, నేనుండాను కదా," అన్నాడు.

ఆ తర్వాత కొత్త పొట్లం చింపి నోట్లో వంపుకుని బండి స్టార్ట్ చేశాడు. నేను ఎక్కి కళ్లు మూసుకున్నాను.