ఇంజిన్ చల్లారేదాకా

సుమారు ఇరవై ఏళ్ల కిందటి మాట. మాది చిలకలపూడి. మా వారు మంగినపూడి బీచ్‌లో నాలుగు చక్రాల ఇసుక బైకు మీద జనాన్ని తిప్పేవారు. కొత్తగా పెళ్లయినా మేమిద్దరం తీరిగ్గా మాట్లాడుకున్నది లేదు. ఒక సాయంత్రం బేరాలు లేకపోవడంతో నన్ను ఎక్కించుకుని జనం లేని వైపు చాలా దూరం తీసుకెళ్లారు.

అక్కడ తడి ఇసుకలో చక్రాలు దిగబడ్డాయి. లాగలేక లాగలేక ఇంజిన్ వేడెక్కి ఆగిపోయింది. అది పోటు వేళ. ఒక్కో అల ఇంకాస్త దగ్గరికి వస్తోంది. మాకున్న ఆధారం ఆ బండొక్కటే. నేను కంగారుగా దోసిట్లో నీళ్లు తెచ్చాను.

“పొయ్యొద్దు. కాలిన ఇంజిన్ మీద చన్నీళ్లు పడితే పగిలిపోద్ది” అన్నారాయన.

“మరి బండి మునిగిపోదాండీ?”

“ముందు పైకి నెడదాం, పట్టు.”

మోకాళ్లు దోక్కుపోయేలా నెట్టి, పొడి ఇసుక మీదికి చేర్చాం. ఇంజిన్ చుట్టూ ఉండే లోహపు రెక్కల మధ్య ఇరుక్కున్న బురదను ఆయన పుల్లతో గీకేశారు. గాలి తగిలితే అదే చల్లారుతుందని నా పక్కన కూర్చున్నారు. చిన్నతనంలోనే పోయిన వాళ్లమ్మ గురించి నాకు మొదటిసారి చెప్పారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

“చల్లారినట్టుంది, పద” అంటూ లేచారు. బండి స్టార్టయింది.

తర్వాత బండి అమ్మేసి కువైట్ వెళ్లారు. రోజూ ఫోన్ చేస్తారు, అన్నం తిన్నావా అని అడుగుతారు. ఆ ఇంజిన్ ఇంకాసేపు చల్లారకపోయుంటే ఆయన ఇంకేం చెప్పేవారో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.