సింహాచలం మావయ్య అడిగిన నీళ్లు

మా చిన్నప్పుడు... మేముండే హిందీవాళ్ల ఫ్యాక్టరీల ఊరు ఆదిత్యపూర్‌లో ఫైరింజను గంట వినబడిందంటే పిల్లలందరం పొగ ఎటు లేస్తోందో చూడ్డానికి మేడ మీదకి పరిగెత్తేవాళ్లం. మా నర్సమ్మత్త మాత్రం అంబలి గుండిగకి మూత పెట్టి, గుడ్డతో బిగించి కట్టి, టెంపో కోసం రోడ్డు మీదకి వెళ్లేది...

వేసవి మొదలైతే చాలు, రోజూ తెల్లారేసరికి చోడి అంబలి, అదే రాగి అంబలి, కాచి, మజ్జిగ కలిపి, ఉప్పేసి, ఉల్లిపాయ ముక్కలు వేసి సిద్ధంగా ఉంచేది. మంటల్లేని రోజు అది మా అందరి పొట్టల్లోకి వెళ్లేది. మంట లేచిన రోజు మాత్రం ఒక్క చుక్క ముట్టనిచ్చేది కాదు... అది ఫైరోళ్లది. అమ్మా, వీధిలో ఇంకో ముగ్గురు ఆడవాళ్లూ నీళ్ల బిందెలూ చెంబులూ గ్లాసులూ పట్టుకుని ఆమె వెంట వెళ్లేవారు.

వీధంతా ఆమెది గొప్ప సేవ అనేది. ఎంత పుణ్యమో అనేది.

పుణ్యం కాదు. పగ.

నర్సమ్మత్త మా నాన్న చెల్లెలు. ఆమె భర్త సింహాచలం మావయ్య ఫైరింజను మీద పనిచేసేవాడు. ఒక వైశాఖ మాసం మధ్యాహ్నం ఫ్యాక్టరీల వైపు ఒక షెడ్డు అంటుకుంది. దాని పక్క షెడ్డు మన శ్రీకాకుళం వైపు ఆయనదే. మంట ఆ షెడ్డుకి పాకకుండా మావయ్యా వాళ్లూ నాలుగు గంటల పాటు గోడ తడుపుతూనే ఉన్నారు. తాగడానికి నీళ్లు అయిపోయాయి. మావయ్య ఆ ఓనరు గేటు దగ్గరకి వెళ్లి, లోపల కుళాయి చూపించి, కాసిన్ని నీళ్లడిగాడు.

"బండి నిండా నీళ్లు పెట్టుకుని నన్నడుగుతావేంటయ్యా?" అన్నాడట ఓనరు. గేటు వేయించేశాడు.

బండిలో ఉండేవి తుప్పు నీళ్లు. అవి నోట్లో పోసుకుని, ఉమ్మేసి, మావయ్య మళ్లీ పైపు పట్టుకున్నాడు... ఆ మనిషి షెడ్డే కాపాడుతూ, ఆ గోడ పక్కనే పడిపోయాడు. వడదెబ్బ. మూడో రోజుకి పోయాడు.

ఈ సంగతంతా తోటి ఫైరోళ్లు వచ్చి చెప్తుంటే అత్త ఏడవలేదు. దినవారాలయ్యాక అటక మీంచి గుండిగ దించి, చింతపండు పెట్టి తోమింది.

"ఎందుకమ్మా నీకీ పని?" అంది అమ్మ.

"ఆడి షెడ్డు కూడా ఏదో ఒకనాడు అంటుకుంటాదొదినా. ఆ రోజు ఆడు నన్ను నీళ్లడగాల. నేనక్కడుండాల."

ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్తున్నాను... ఆ షెడ్డు తగలబడాలని నేను కూడా పైడితల్లికి మొక్కుకున్నాను. పదేళ్ల పిల్లని.

మూడేళ్లకి తగలబడింది. ఆదివారం కావడంతో లోపల పనివాళ్లు లేరు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు అత్త వెంట నేను కూడా వెళ్లాను. కరెంటు తీసేశారు, మోటారు ఆగిపోయింది, ఆ గేటు లోపలి కుళాయిలో చుక్క రావడం లేదు. అత్త రోడ్డు పక్కన గుండిగ దించి, ఒక్కొక్కరికీ అంబలి పోస్తోంది. ఎప్పట్లాగే. "చాచీ, థోడా ఔర్" అంటూ కుర్రాళ్లు రెండోసారి గ్లాసు చాపుతున్నారు.

మిట్టమధ్యాహ్నానికి ఓనరు వచ్చాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, పెదాలు పగిలిపోయాయి. అత్త ఎవరో ఆయనకి తెలీదు.

"అమ్మా... కొంచెం నీళ్లు పోస్తారా?"

అత్త గరిటె ఆపింది.

"మూడేళ్ల కిందట మీ గేటు కాడ నీళ్లడిగినోడి పేరేటి?"

"ఎవరమ్మా?"

"పక్క షెడ్డు కాలిన్నాడు. నీ గోడ తడిపినోడు. పేరు సెప్పు, పోత్తాను."

ఆయన చుట్టూ చూశాడు. ఫైరోళ్లందరికీ ఆ పేరు తెలుసు. ఒక్కరూ చెప్పలేదు. తలలు దించుకుని అంబలి తాగుతున్నారు. షెడ్డు వెనక రేకులు విరిగి పడుతున్నాయి...

నాకే ఆగలేదు. జాలి కాదు. ఆ పేరు ఆ నోట్లోంచి రావాలి నాకు.

"సింహాచలం" అన్నాను.

"సింహాచలం" అన్నాడాయన.

"గారు" అంది అత్త.

"సింహాచలం గారు."

"మళ్లీ సెప్పు. అందరికీ ఇనబడేలాగ."

చెప్పాడు. ఆ ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి... అది పొగ వల్లో, సిగ్గు వల్లో నాకు తెలీదు. అత్త చెంబు నిండా నీళ్లు పోసి ఇచ్చింది. తాగాడు. మళ్లీ చాపితే మళ్లీ పోసింది.

ఇంటికొచ్చేటప్పుడు టెంపోలో అమ్మ మెల్లిగా అడిగింది, ఇప్పుడైనా మనసు చల్లబడిందా అని.

"నేదొదినా" అంది అత్త. "సగవే."

ఆ మిగతా సగంతోనే మోకాళ్లు పట్టేసేదాకా అంబలి కాచింది. క్షమించడం గొప్ప గుణం అంటారు పెద్దలు... అయ్యుండొచ్చు. ఆమె పోయేదాకా ఆ మాట నేను ఆమె నోట వినలేదు. నా నోటా రాలేదు. ఆ ఓనరు పోయాడని తెలిసిన రోజు నేను మామూలుగా అన్నం తిని పడుకున్నాను.

పోయిన వేసవిలో గోవింద్‌పూర్ వైపు ఒక గోదాము కాలుతుంటే చూశాను. రెండొందల మంది జనం, అందరి చేతుల్లో ఫోన్లే... ఫైరు కుర్రాడొకడు టోపీ తీసి, నేల మీద కూలబడి, ఖాళీ సీసా నోట్లో వంచుకుంటున్నాడు. నా బ్యాగులో ఉన్న నీళ్లు ఇచ్చాను. పేరడిగితే ఆశ్చర్యంగా చూశాడు... ఆ పేరు ఇంతవరకూ ఎవరూ అడగలేదేమో.

మీ ఊళ్లో ఇలాంటి రోజున చెంబుతో ఎదురెళ్లినవాళ్లు ఉండేవారా... ఉంటే రాయండి. తలుపేసుకున్నవాళ్లు గుర్తున్నా రాయండి. నేను రెండూ చదువుతాను.