గనుల ఊళ్లో ఒడిబియ్యం

తాత పోయాడని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను బెంగళూరులో ఆఫీసు బస్సులో ఉన్నాను. ఏడుపు రాలేదు. కిటికీ అద్దాన్ని వేలి కణుపుతో రెండుసార్లు తట్టాను. అది ఆయన అలవాటు.

ఆయన అమ్మకు నాన్న. పెళ్లికి ముందు కొన్నేళ్లు కోలార్ బంగారు గనుల్లో పనిచేసి కోరుట్లకు తిరిగి వచ్చాడు. గనిలోకి దిగగానే పైనున్న రాతిని తట్టి వినాలట. బోలుగా మోగితే దాని కింద నిలబడకూడదట. కోరుట్లలో కూడా ఎవరింటికి వెళ్లినా గోడ తట్టి, చెవి ఆనించి, ఆ తర్వాతే కూర్చునేవాడు. జగిత్యాల కాన్వెంటుకు నన్ను చూడడానికి వచ్చి సిస్టర్ల గది గోడ కూడా తట్టాడు. నేను సిగ్గుతో తల దించుకున్నాను.

చుట్టాలు నన్ను మూగదని ఆటపట్టిస్తుంటే ఆయన ఒక్కడే అడ్డొచ్చేవాడు. "దాని నోరు జూడకుండ్రి, చెవులు జూడుండ్రి. దానంత మంచిగ ఎవలింటరు?" వేసవి సెలవుల్లో గని కథలన్నీ నాకే చెప్పాడు. "బంగారం కండ్లకు కనవడదు బిడ్డా. రాయిని నమ్మి కొట్టుడే," అనేవాడు. పుస్తకాల మీద నా ఇష్టం ఆ కథలతోనే మొదలైంది. అది ఆయన నాకు పెట్టిన భిక్ష. ఇప్పుడు కూడా కాదనలేను.

పోయిన ఏడాది బెంగళూరు వచ్చాడు. "గని సూపిస్త, రా," అన్నాడు. పొద్దున రైల్లో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. చిన్నప్పటి నుంచి ఆ రోజు కోసమే ఎదురుచూశాను. ఆయన సంచి బరువుగా ఉంటే నేనే మోశాను.

ఊరి పక్కన గని తవ్విపోసిన బూడిదరంగు దిబ్బలు. వాటి వెనక, తిరగడం మానేసిన పెద్ద ఇనుప చక్రం. నేను ఫోటోలు తీస్తున్నాను. ఆయన అటు చూడనైనా లేదు. కార్మికుల పాత ఇళ్ల వరుసలోకి నడిచి, ఒక గుమ్మం ముందు చెప్పులు విడిచి, లోపలికి వెళ్లి కూర్చున్నాడు. గోడ తట్టలేదు.

ఒకావిడ బయటికి వచ్చింది. అచ్చం అమ్మ ముఖం, వయసులో మాత్రం అమ్మ కంటే పెద్దది.

"ఈ పాపెవరు నాయనా?"

"మా ఊరి పిల్ల. బెంగుళూర్ల నౌకరి జేత్తది."

నాతోనే సంచి విప్పించాడు. పసుపు కలిపిన బియ్యం, కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు, సిరిసిల్లలో కొన్న చీర. ఆమె కొంగు పట్టింది. ఆయన దోసిళ్లతో బియ్యం పోశాడు. నాకు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదు. మా వైపు ఒడిబియ్యం పుట్టింటివాళ్లు తమ ఆడబిడ్డకే పోస్తారు. అమ్మకు పోయాల్సిన ఒడిబియ్యాన్ని ఆయన "ఈయేడు గాదు, మల్ల జూద్దాం" అంటూ వాయిదా వేస్తూ వచ్చాడు.

తిరుగు రైల్లో అడిగాను.

"అమ్మమ్మకు తెలుసా?"

"తెల్వది. గామెకు గూడ మీ సంగతి తెల్వది."

"మరి నన్నెందుకు తోల్కపోయినవ్?"

"ఒక్కన్ని తిరిగెటట్టు లేను బిడ్డా. నువ్వైతే ఎవలికి జెప్పవు గద." మెచ్చుకుంటున్నట్టే అని, నా భుజం తట్టాడు.

నా చెవులను అన్నేళ్లు పొగిడింది ఇందుకేనా అనిపించింది. ఆయనకు కావలసింది వినే మనుమరాలు కాదు, చెప్పని మనిషి. ఆ తర్వాత ఆయన ఫోన్ చేసినప్పుడల్లా ఊ కొట్టాను, అంతే. గని గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

కోరుట్ల ఇంట్లో తాత దినాలు జరుగుతున్నాయి. వచ్చేవాళ్లు వచ్చి వెళ్లారు. గనుల ఊళ్లోని ఆమెకు కబురు పెట్టేవాళ్లు మాత్రం లేరు. ఒక మధ్యాహ్నం మంచం మీద ఆయన ఫోన్ మోగింది. పక్కనే అమ్మమ్మ బియ్యం చెరుగుతోంది. నేను ఎత్తాను.

"ఫోన్ ఎత్తవేం నాయనా?" అంది ఆ గొంతు.

"ఎవలే?" అంది అమ్మమ్మ.

ఫోన్ పట్టుకుని వాకిట్లోకి వెళ్లవచ్చు. వెళ్లలేదు.

"తాత పోయిండు," అన్నాను.

"ఎవరు? ఊరి పాపవా?"

"ఊరి పిల్లను గాదు పెద్దమ్మా. నీ చెల్లె బిడ్డను."

చెరుగుతున్న చప్పుడు ఆగింది. అమ్మమ్మ చేతుల్లో చాట ఒక పక్కకు ఒరిగింది. బియ్యం మెల్లగా అంచుదాకా జారి, అక్కడ నిలిచింది.