ఒక్క గోలు ముందున్నప్పుడు

మొన్న రేషన్ కార్డు కాగితాలు జిరాక్సు తీయిద్దామని నిజామాబాద్ బస్టాండు వెనక దుకాణానికి పోతే, మెషిన్ ఖాళీ లేక, మూలన పడి ఉన్న పాత కంప్యూటర్‌ను ఎందుకో ఆన్ చేశాడు దుకాణంలోని అబ్బాయి. డబ్బాలాంటి మానిటర్ వేడెక్కి, దాని మీది దుమ్ము కాలుతూ వచ్చిన వాసన ముక్కుకు తగిలిందో లేదో, నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. "ఎన్ని కాపీలు మేడం?" అని మూడుసార్లు అడిగాడట, నాకు వినబడనే లేదు. నేనప్పటికే బోధన్‌లో ఉన్నాను, నా పదమూడో ఏట, చలికాలంలో.

చలికాలమంటే మాకు సీజను. చెరుకు ఆడే నాలుగు నెలలకే ఆ పేరు, మిగతా నెలలకు పేరు లేదు. కోటగిరి దిక్కు నుంచి ఎడ్లబండ్లూ ట్రాక్టర్లూ చెరుకు మోపులతో రోడ్డు పొడుగునా బారు కడితే, బడికి పోయే మేం వెనక నుంచి ఒక్కో గడ గుంజుకుని, దవడలు నొప్పెట్టేదాకా నములుతూ నడిచేవాళ్లం. ఊరంతా పులిసిన బెల్లం వాసన పట్టి ఉండేది. చక్కెర ఫ్యాక్టరీ గొట్టం నుంచి మసి రేకులు ఎగిరొచ్చి దండెం మీది తెల్ల లుంగీల మీద వాలితే, అవ్వ, అమ్మను మేం అట్లాగే పిలిచేవాళ్లం, ఆకాశాన్నీ ఫ్యాక్టరీనీ కలిపి తిట్టేది. బాపు, అంటే మా నాన్న, ఆ ఫ్యాక్టరీలోనే సీజను ఫిట్టరు. ఇంటికొచ్చి గ్యాసునూనెతో, అదే కిరోసిన్‌తో, చేతుల గ్రీజు కడుక్కుంటూ, చర్చిలో పాడే పాటలు సన్నగా గొణుక్కునేవాడు. ఆ ఏడాది మాత్రం ఆ గొణుగుడు ఆగిపోయింది. వచ్చే సీజను ఉంటుందో ఉండదో అని ఊరంతా గుసగుస. ఇంట్లో అందరం చప్పుడు చేయకుండా తిరిగేవాళ్లం, ఉన్నది ఎట్లా నిలబెట్టుకోవాలా అన్నదే ఆలోచన. ఆ భయం నాకు బాగా ఒంటబట్టింది.

మా అన్న సామ్యేలుకు మాత్రం అది అంటలేదు. నాకంటే మూడేళ్లు పెద్ద. చర్చి కాంపౌండు పిల్లల ఫుట్‌బాల్ జట్టుకు వాడే కెప్టెన్. బంతి కాలికి దొరికితే పక్కకు చూసేవాడే కాదు, నేరుగా అవతలి గోలు దిక్కే. చెప్పులు లేకుండా ఆడీ ఆడీ వాడి పాదాలు రోట్లో బండలా గట్టిపడ్డాయి.

బజారులో ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది, కొత్తగా నాలుగు కంప్యూటర్లు తెచ్చి పేరు మార్చుకున్నది. నాకు బడి పొద్దటిపూటే కాబట్టి, అవ్వ నన్ను అక్కడ చేర్పించింది. సార్ మధ్యాహ్నం నమాజుకు పోతూ, "బేటా, జర దేఖ్‌తే రహో" అని, కాస్త చూస్తుండమని తాళంచెవి నాకిచ్చి, తిని, ఒక కునుకు తీసి గాని వచ్చేవాడు కాదు. ఆ గంటన్నర నాది. ఎవరో ఎక్కించిపోయిన ఫుట్‌బాల్ గేమొకటి ఆ కంప్యూటర్లో ఉండేది. దాంట్లో బంతిని మనం తన్నం. మనం జట్టుకు మేనేజర్లం. ఎవరెవరు ఆడాలో ముందే చెప్పి, ఆట మొదలయ్యాక తెర మీద చుక్కలు అటూ ఇటూ ఉరుకుతుంటే గుండె చేత్తో పట్టుకుని చూడడమే మన పని. ఆట నడుమ మన చేతిలో ఉన్నది ఒకటే, జట్టు మనసు మార్చడం. దానికి అయిదు మెట్లుండేవి, ఇంగ్లీషులో. అన్న వాటికి మన పేర్లు పెట్టాడు. అందరు ఎనకకు, జరంత ఎనకకు, మామూలు, జరంత ముందలికి, అందరు ముందలికి.

వాడైతే ఎప్పుడూ ఆ చివరిదే నొక్కేవాడు. నాలుగు గోల్సు కొట్టి అయిదు తినేవాడు, అయినా పకపకా నవ్వేవాడు. నాకు ఓడిపోవడమంటే ఏడుపు. ఒక్క గోలు ముందున్నానా, ఇంకో ఇరవై నిమిషాలు ఆట ఉన్నదా, చటుక్కున అందర్నీ వెనక్కి లాగేసేదాన్ని. పదకొండు చుక్కలూ మా గోలు ముందు గుంపుగా మూగేవి. కొన్నిసార్లు అది పనిచేసేది. చాలాసార్లు పనిచేసేది కాదు, అవతలివాళ్లు మీద పడీ పడీ చివర్లో గోలు కొట్టేసేవారు.

అప్పుడు నేను చేసిన పని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ప్లగ్గుల బోర్డు టేబుల్ కింద, నా కాళ్ల దగ్గరే ఉండేది. అవతలివాళ్లు గోలు కొట్టగానే బొటనవేలితో స్విచ్ నొక్కేసేదాన్ని. తెర నల్లబడేది. చలికాలం కాబట్టి ఫ్యాను తిరగదు, పట్టపగలు కాబట్టి లైటు వెయ్యరు. కరెంటు నిజంగా పోయిందో, నా వేలు తీసిందో వెనక నిలబడ్డవాడికి తెలిసే దారే లేదు. ఆట పూర్తయి కంప్యూటర్లో సేవ్ కాకముందే ఆరిపోతే ఆ మ్యాచ్ జరగనట్టే లెక్క, మళ్లీ మొదటినుంచి ఆడుకోవచ్చు. గెలిచేదాకా ఆడేదాన్ని. గెలిచినవే నోటుబుక్కులో రాసేదాన్ని.

అన్న బడి నుంచి వస్తూ ఆ నోటుబుక్కు చూసేవాడు. "ఏందే రూతూ, ఒక్కటి గూడ ఓడలేదా?" అని కళ్లు పెద్దవి చేసేవాడు. నేను తల ఊపేదాన్ని. ఒకసారి వాడి కళ్లముందే తెర ఆరిపోతే, పాపం, కరెంటోళ్లను నోటికొచ్చినట్టు తిట్టి నన్నే ఓదార్చాడు. ఇంటికి పోయి బాపుతో, "గీ పిల్లకు నెత్తి నిండ తెలివే ఉన్నది బాపూ. గోలు కొట్టుడు నాకొస్తది, గోలును కాపాడుడు చెల్లెకొస్తది" అన్నాడు. అవ్వ క్రిస్మస్‌కు సకినాలు చుడుతూ నవ్వింది. బాపు కూడా నవ్వాడు. ఎన్నాళ్లకో ఇంట్లో ఆ నవ్వు విన్నాక, నిజం చెప్పే ధైర్యం నాకెక్కడిది?

జనవరిలో నిజామాబాద్‌లో మ్యాచ్ పెట్టారు. హైదరాబాద్ దిక్కు స్పోర్ట్స్ హాస్టలుకు ఇద్దరు పిల్లల్ని ఎంపిక చేయడానికి పెద్దమనుషులు వస్తారన్నారు. తిండి, చదువు, బూట్లు, అన్నీ వాళ్లవే. సీజను ఆగిపోతే అన్న చదువు కూడా ఆగిపోతుందని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకనేవారు కాదు. బాపు డ్యూటీ మార్చుకుని మరీ వచ్చాడు. పొద్దున్నే బస్సులో అవ్వ కట్టిచ్చిన పులిహోర వాసన, కిటికీ నుంచి చలిగాలి, అన్న మోకాలు ఆగకుండా ఊగడం, అన్నీ నాకు నిన్నటిలా ఉన్నాయి.

మొదటి సగంలోనే అన్న గోలు కొట్టాడు. నలుగుర్ని దాటి కొట్టాడు. కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషుల్లో ఒకాయన పక్కాయన భుజం తట్టి వాణ్ని చూపించడం నేను చూశాను. ఇంకో ఇరవై నిమిషాలుందనగా ఎవరికో దెబ్బ తగిలి ఆట ఆగింది. అన్న నీళ్లకని గీత దగ్గరికొచ్చి, చెమటలు కారుతూ, జట్టును తీసుకొచ్చిన డ్రిల్లు సార్ను కాదని నన్నడిగాడు.

"ఏం జేద్దాం రూతూ? ముందలికి పోదామా?"

వాడి కాళ్లు ముందుకే పోతామంటున్నాయి. ఆ మాట వాడి మొహంలోనే ఉంది. నేను మాత్రం, "అందరు ఎనకకు" అన్నాను.

"పిచ్చా ఏంది?" అన్నాడు డ్రిల్లు సార్.

"మా చెల్లె ఒక్క మ్యాచ్ గూడ ఓడలేదు సార్" అని అన్న వెళ్లిపోయాడు.

ఆ ఇరవై నిమిషాలూ ముందుండాల్సిన నా అన్న మా గోలు ముందు నిలబడి, వచ్చిన బంతినల్లా గీత బయటికి తన్నుతూనే ఉన్నాడు. అట్లా తన్నడం ఎవడైనా తన్నగలడు, అది చూడడానికి ఎవరొచ్చారు? గోలు పడింది. అన్న నా దిక్కు చూశాడు. నా బొటనవేలు చెప్పులో నేలను గట్టిగా నొక్కింది. ఆట ఆగలేదు. "ముందుకు పో అన్నా" అని ఒక్క కేక వెయ్యలేకపోయాను. నేను చెప్పందే వాడు కదల్లేదు. ఆఖరి నిమిషంలో రెండో గోలు కూడా పడింది. పెద్దమనుషులు ఎంచుకున్న ఇద్దరూ అవతలి జట్టువాళ్లే.

తిరుగు బస్సులో బాపు కిటికీ దిక్కు తిరిగి కూర్చున్నాడు. అన్నే నా నెత్తి మీద చెయ్యేసి, "ఏడ్వకే. నీ ప్లాను మంచిదే. మా కాళ్లే పనికిరాలె. గేముల గా చుక్కలు జేసిన పని గూడ మాతోని గాలె" అన్నాడు. అప్పుడే చెప్పేయాల్సింది. ఆ చుక్కలతో కూడా కాలేదు అన్నా, నేనే స్విచ్ తీసేదాన్ని అని. నోరు తెరిచాను కూడా. వాడు నన్ను ఓదారుస్తున్నాడనుకుంటూ ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాడు.

మళ్లీ వాడు బంతి ముట్టలేదు. బాపు భయపడిన రోజు రానే వచ్చింది, ఫ్యాక్టరీ మూతపడింది. అన్న పదో తరగతితోనే ఆపి, ముందు లారీ మీద, తర్వాత స్కూల్ వ్యాను మీద డ్రైవరయ్యాడు. ఇప్పుడా గొట్టం నుంచి పొగ లేదు, రోడ్డు మీద బండ్ల బారు లేదు. అవ్వ దండెం మీది బట్టలు ఏ మసీ లేకుండా తెల్లగా ఆరేవి ఆమె పోయేదాకా. చర్చి కాంపౌండు మైదానంలో మోటారు సైకిళ్లు నిలుపుతున్నారు. టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నచోట పెళ్లిబట్టల దుకాణం.

పోయిన నెల అన్న బిడ్డ ఫోన్ చేసింది. ఎనిమిదో తరగతి. బడి ఫుట్‌బాల్ జట్టులో తీసుకుంటామన్నారట, డాడీ వద్దంటున్నాడట, నువ్వొచ్చి చెప్పు అత్తా అని బతిమాలింది. వెళ్లాను. అన్న చాయ్ తాగుతూ, కోపమేమీ లేకుండానే అన్నాడు.

"ఎందుకమ్మా ఆశ వెట్టుడు? మన రక్తంల ఆట లేదు. నేను సూడలేదా? నువ్వు అంత మంచిగ జెప్పినా చేతగాలె."

పిల్ల తలుపు పక్కన నిలబడి నా నోటి దిక్కే చూస్తోంది. నిజం చెప్తే పిల్లకు ఆట దొరుకుతుంది. అన్నకు చెల్లెలు పోతుంది. నేను చాయ్ కప్పు కింద పెట్టి, "పిల్ల కాళ్లకు దెబ్బలు తగుల్తయి, వద్దులే" అన్నాను. ఆ పిల్ల లోపలికి వెళ్లిపోయింది.

అన్న పుస్తకాలు చదవడు. చదవడని తెలిసే ఇదంతా రాయగలిగాను.