ఇంగ మేడం

ప్రేమకు కోపం వస్తే కోలారు బంగారు గనుల ఊరిగాంలో మైదానం చుట్టూ మేసే మేకలు కూడా గీత దాటి లోపలికి రావని చెప్పుకుంటారు. ఆమె ఎదురుగా అన్నా నవ్వుతుందే తప్ప కాదనదు. అక్కడి కాలేజీలో అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు ఆమె పదేళ్ళకు పైగా అసిస్టెంట్ కోచ్. కోచ్ కాదు, అసిస్టెంట్ కోచ్. బయటివాళ్ళకు ఇది చిన్న తేడాగానే కనిపిస్తుంది. అది ఎంత పెద్దదో ప్రేమను అడగాలి.

వాళ్ళ తాత చిత్తూరు వైపు పల్లె నుంచి గనిలో పనికి వచ్చాడు. తండ్రి పగలు గనిలో దిగి, సాయంత్రం గని ఫుట్‌బాల్ జట్టులో డిఫెండర్‌గా ఆడేవాడు. ప్రేమ స్కూల్లో ఉండగానే గని మూతపడింది. పని పోయినా ఆయన ఆట మానలేదు, తోడుకు కూతుర్ని తీసుకుపోయేవాడు. గని పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బల మీద నుంచి దుమ్ము లేస్తుంటే కళ్ళు నులుముకుంటూనే బంతిని అదుపు చెయ్యడం నేర్చుకుంది. చదువయ్యాక ఇంకే ఉద్యోగానికీ ప్రయత్నించలేదు. ఆమెకు కావలసిన ఉద్యోగం ఒక్కటే.

ఆ ఉద్యోగంలో బంతుల సంచి భుజాన వేసుకుని రైలెక్కేది ఆమె. అమ్మాయిల మడమలకు పట్టీలు చుట్టేది ఆమె. "ఆడబిడ్డ నిక్కరేసుకోని ఆడేదేందమ్మా?" అని మొండికేసిన తండ్రుల ఇళ్ళకు పోయి, వాళ్ళిచ్చిన కాఫీ అయిపోయేలోపు ఒప్పించి వచ్చేది కూడా ఆమే. గోల్‌కీపర్లకు దూకడం నేర్పాలంటే ఆ గట్టినేల మీద ముందు తనే దూకి, మోచేతులు చెక్కుకుపోయినా ఏమీ కానట్టు లేచేది. అయితే ఎవరు ఆడాలో, ఎవరు కూర్చోవాలో చెప్పేది మాత్రం చెన్నరాయప్ప సార్. ఆయన కోచ్.

చెన్నరాయప్ప మంచివాడే. కాకపోతే ప్రేమ నోరు కట్టేసింది ఆయనే. దానికి కారణం 'ఇంగ' అనే మాట.

ఆ వైపు తెలుగులో 'ఇంగ' లేకుండా వాక్యం కదలదు. ఇక అనాలన్నా, ఇప్పుడు అనాలన్నా, ఏమీ తోచక ఊపిరి తీసుకోవాలన్నా 'ఇంగ'నే. తమిళంలో మాత్రం 'ఇంగ' అంటే ఇక్కడ. ఊరిగాంలో పుట్టిన పిల్లలందరికీ రెండు భాషలూ వస్తాయి, కన్నడం అదనం. కానీ ఆయాసపడుతున్నప్పుడు చెవి ఇంటి భాషకే పోతుంది. ప్రేమ కొత్తగా చేరిన రోజుల్లో ఒక సెమీఫైనల్‌లో జట్టు ఒక గోల్ ఆధిక్యంలో ఉంది. ఆట ముగియవస్తోంది, తమిళం మాట్లాడే డిఫెండర్ కాళ్ళ దగ్గర బంతి ఉంది. ఇక దూరంగా కొట్టేయమని ప్రేమ గీత పక్క నుంచి "ఇంగ కొట్టు! ఇంగ కొట్టు!" అని అరిచింది. ఆ పిల్ల 'ఇక్కడికి కొట్టు' అనుకుని, బంతిని బుద్ధిగా ప్రేమ చేతుల్లోకే తన్నింది. బంతి గీత దాటింది, త్రో ఎదుటివాళ్ళకు పోయింది, ఆ త్రో మీదే గోల్ పడింది. తర్వాత పెనాల్టీల్లో ఓడిపోయారు.

"నువ్వు ఇంగ ఆట జరిగేటప్పుడు నోరు తెరవద్దమ్మా," అన్నాడు చెన్నరాయప్ప. పాపం ఆయన నోట కూడా అదే మాట వచ్చింది. అప్పటి నుంచి మ్యాచ్ మొదలైతే ప్రేమ పెదవులు బిగించుకుని కూర్చునేది. పిల్లలు చాటుగా 'ఇంగ మేడం' అనేవాళ్ళు. నవ్వి ఊరుకునేది కానీ, ఆ నవ్వు కింద మంట ఉండేది.

పోయిన ఏడాది చెన్నరాయప్ప బెంగళూరులో ఒక స్కూల్లో చేరిపోయాడు. కాలేజీ కమిటీ కార్యదర్శి అశ్వత్థప్ప బంగారుపేటలో ధాన్యం వ్యాపారి. ప్రేమను మండీకి పిలిపించాడు.

"కొత్త కోచ్‌కి చెప్పినామమ్మా, వచ్చే నెల వస్తాడు. అంతవరకు టోర్నమెంటుకు నువ్వే పిల్లోళ్ళని పిల్చుకోని పోయి రా."

"ఉత్తగా పోయి రాను సార్. కప్పు తెస్తే టీమ్ నాకియ్యల్ల."

"తేకపోతే?"

"తేకపోతే నేనూ ఈడే రైలెక్కి బెంగళూరు గార్మెంట్స్‌కి పోతా. ఊర్లో సగం మంది పోతానే ఉండారు గదా."

అశ్వత్థప్ప అరచేతిలో రాగులు ఊది చూస్తూ, "నోరుండాదమ్మా నీకు," అన్నాడు. "సరే, తే చూద్దాం."

వీధిలోకి వచ్చాక ప్రేమ స్టేషన్ వైపు చూసింది. ఆ రైళ్ళు ఎట్లా కిక్కిరిసి పోతాయో ఆమెకు తెలుసు. తెల్లారేలోపు ఎక్కితే చీకటి పడ్డాకే దిగడం. ఇక మైదానం ముఖం చూసేది ఆదివారమే. కోపంలో అనేసింది, ఇప్పుడు మింగడానికి లేదు. మింగే రకం కూడా కాదు.

ఆ వారం ప్రాక్టీసులో గొడవ లేచింది. కెప్టెన్ రక్షిత బంగారుపేట కోమట్ల అమ్మాయి. మధ్యలో ఆడే తమిళరసి గని కాలనీ తమిళ పిల్ల. రక్షిత "ఇంగ ఆగు" అనబోతే, తమిళరసి మొదటి మాటకే బంతి పంపేసింది.

"నేను ఆగమన్నాను గదే!"

"ఇంగ అన్నావు, ఇక్కడికి పంపినాను. తప్పు నాదా?"

ప్రేమ ఈల వేసి ఇద్దర్నీ ఆపింది. ఇన్నేళ్ళుగా తనను కాల్చుకు తింటున్న మాట అది. దాన్ని నిషేధిస్తే లాభం లేదు, నాలుక వినదు. అట్లయితే దాన్ని పనిలో పెట్టుకోవాలి.

"వినండమ్మా. ఈ పొద్దు నుంచి మన టీములో 'ఇంగ' అంటే ఒకటే అర్థం. అరిచినోళ్ళకి బంతి రాదు, అవతల పక్కకి పోతాది."

పిల్లలు పడీ పడీ నవ్వారు. తర్వాత ఆమె వాళ్ళను పరిగెత్తించిన తీరుకు నవ్వు ఎగిరిపోయింది. మొదట అందరూ తప్పే చేశారు. చెవి మాట వినేదాకా ఆమె వదల్లేదు.

"మ్యాచ్‌లో మాత్రం నేను అనేవరకు ఎవ్వరూ ఆ మాట అనగూడదు," అని చెప్పింది. "దాచి పెట్టుకోండి."

కోలారులో ఫైనల్. ఎదుట బెంగళూరు జట్టు. వాళ్ళ డిఫెండర్లు ఇద్దరూ ఒకరినొకరు తమిళంలోనే పిలుచుకుంటున్నారు. గట్టి పిల్లలు, ఎటు పోయినా అడ్డమే. ఆట చివరికి వచ్చినా రెండువైపులా గోల్ లేదు. పైగా ప్రేమ జట్టు గోల్‌కీపర్ వేలు బెణికి వాచిపోయింది. పెనాల్టీలదాకా పోతే పని అయిపోయినట్టే.

అమ్మాయిలు ఉండి ఉండి గీత వైపు చూస్తున్నారు. ప్రేమ నోరు పెగల్లేదు. మళ్ళీ అరిచి మళ్ళీ ముంచితే? భయపడింది, నిజంగానే భయపడింది. అంతలో తమిళరసి కాలికి బంతి చిక్కింది. ముందు కాస్త ఖాళీ ఉంది. ఆ ఖాళీ చూసేసరికి ప్రేమకు భయం గుర్తులేదు.

"ఇంగ!" అని అరిచింది. స్టేడియం మెట్ల మీద కూర్చున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడ్డారు.

రక్షిత చెయ్యెత్తి కుడివైపు పరిగెత్తుతూ "ఇంగ! ఇంగ!" అని కేకలు పెట్టింది. ఆ డిఫెండర్లిద్దరూ ఒక్కసారిగా ఆమె మీదికి ఉరికారు. తమిళరసి అటు కనీసం తల కూడా తిప్పలేదు. బంతిని ఎడమవైపుకు తోసింది. అక్కడ ఆ పక్క ఆడే దీపశ్రీ ఒక్కతే ఉంది. కీపర్ ముందుకు వచ్చేలోపు ఎడమకాలితో నేల బారున కొట్టింది. వల ఊగింది.

మిగిలిన కాసేపూ బెంగళూరు పిల్లలు మీద పడి ఆడారు. కార్నర్ మీద కార్నర్. చివరిదాన్ని ఆ వాచిన వేలితోనే కీపర్ గుండెలకు హత్తుకుని కింద పడింది. ఈల మోగింది. ప్రేమ ఎవరికీ అందకుండా మైదానంలోకి పరిగెత్తింది. పిల్లలు ఆమెను ఎత్తబోయి, ఎత్తలేక, అందరూ ఒకేసారి కుప్పగా పడ్డారు. ఆమె ఏడ్చింది, అరిచింది, తమిళరసి తల పట్టుకుని ముద్దుపెట్టింది. అంత సంతోషం ఆమె ఎన్నడూ ఎరగదు.

అశ్వత్థప్ప పంచె ఎగ్గట్టుకుని మెల్లగా మెట్లు దిగి వచ్చాడు. కప్పును ఒకసారి తట్టి చూశాడు. ప్రేమ లేచి నిలబడి, ముఖం తుడుచుకుని, ఆయన ఏమంటాడోనని చూసింది.

"ఆ కొత్త కోచ్‌కి రావద్దని ఫోన్ చేసేసినా," అన్నాడాయన. "ఇప్పుడు నీకు అసిస్టెంటుగా ఎవర్ని పెట్టల్ల చెప్పమ్మా?"

ప్రేమ కప్పును చంకలో పెట్టుకుంది.

"అది కోచ్ చూసుకుంటాది సార్," అంది.