నేను నేర్పిన జవాబులు: షాంటిలీ నుంచి ఫెయిర్‌ఫాక్స్‌కు రెండో ప్రయాణం

నా పేరు మల్లవ్వ. డెబ్బై రెండేళ్లు. మాది నిజామాబాద్ పక్క. ఇప్పుడు అమెరికాలో, షాంటిలీలో బిడ్డ సుజాత, అల్లుడు, తొమ్మిదేళ్ల మనవరాలు నవ్య, నేను ఒకే ఇంట్లో ఉంటాం. నాకు అక్షరం రాదు. నేను చెప్తుంటే సుజాత టైప్ చేస్తోంది. ఫెయిర్‌ఫాక్స్‌లోని క్లినిక్‌కి పిల్లల్ని తీసుకుపోయే తెలుగువాళ్లు ఇది చదవాలి. క్లినిక్ వాళ్లు ఇంకా బాగా చదవాలి.

చలికాలంలో ఫ్రీవే మీద మా అల్లుడి కారుకి యాక్సిడెంట్ అయి ఆయన కాలు విరిగింది. వెనక సీట్లో ఉన్న నవ్యకి చిన్న గీత కూడా పడలేదని అందరూ సంతోషపడ్డారు. రాత్రి పక్క తడుపుతోందని, హారన్ వింటే చెవులు మూసుకుంటోందని చూసింది నేనొక్కదాన్నే. నిరుటిదాకా ఊళ్లో నా దగ్గరే పెరిగింది, మనసులో మాట తెలుగులోనే వస్తుంది. భయపడ్డ పిల్లల్ని అడిగే ప్రశ్నల కాగితాన్ని ఆ క్లినిక్ కొత్తగా తెలుగులోకి మార్చింది. ఆ తెలుగు సరిగ్గా పనిచేస్తుందో లేదో తేల్చడానికి ఒకే పిల్లని రెండు వారాల తేడాతో రెండుసార్లు అడుగుతారు. జవాబుల్ని బట్టి డాక్టర్ దగ్గర వారం వారం కూర్చోబెడతారు.

మొదటిసారి పోయే పొద్దున పిల్లకి నేనే నేర్పాను, వీసాకి పోయినప్పుడు మాకు నేర్పినట్టే. ఏది అడిగినా లేదు అను, ఎక్కువ మాట్లాడకు. పిచ్చిదని రాసి ఎక్కడికి పంపేస్తారో అని నా భయం. నవ్య బుద్ధిగా అన్నిటికీ లేదు అంది. డాక్టర్ అవసరం లేదని ఇంటికి ఉత్తరం వచ్చింది. ఆ సాయంత్రమే పిల్ల మంచం కింద దూరి పడుకుంది. ఎందుకే అంటే, "నేను లేదనే చెప్పిన కదా అమ్మమ్మా" అంది.

రెండోసారికి తొమ్మిదింటికి బయల్దేరాం. ఫ్రీవే మీదైతే ఇరవై నిమిషాలు. నవ్య ఫ్రీవే ఎక్కదు కాబట్టి సిగ్నళ్లున్న రూట్ యాభై అనే రోడ్డు మీద నలభై నిమిషాలు. టాక్సీకి ముప్పై ఎనిమిది డాలర్లు. డ్రైవర్ నజీబ్ కాబూల్ మనిషి, ఇంట్లో ఫార్సీ. ఉర్దూ ఇద్దరికీ వస్తుంది కాబట్టి మాట కలిసింది. నన్ను మాదర్ జాన్ అంటాడు, వాళ్ల భాషలో అమ్మా అని.

"ఆ కాగితమా, మాదర్ జాన్? మా అమ్మాయిని ఫార్సీలో అడిగారు. అన్నీ చెప్పేసింది, నేను దొంగచాటుగా తాగే సిగరెట్ల సంగతి కూడా. ఇప్పుడు ప్రతి గురువారం తీసుకెళ్తున్నా."

"మా పిల్ల ఏం చెప్పలే. నేనే చెప్పనియ్యలే."

ఆయన అద్దంలోంచి నన్ను చూశాడు. "ఏం అడిగినా లేదు లేదనే చెక్‌పోస్టు దగ్గరే మీరింకా నిలబడ్డారా?"

నవ్య నా కొంగు లాగింది. "అమ్మమ్మా, ఇయ్యాల ఏం చెప్పాలె?"

"నీకెట్లుంటే గట్లనే చెప్పు."

"మొన్న అబద్ధం చెప్పినట్టు దొరికిపోత కదా?"

"మా అమ్మమ్మ చెప్పుమన్నదని చెప్పు."

పది గంటలకి పిల్లని లోపలికి పిలిచారు, నేను బయటే కూర్చున్నా. ప్రశ్నలు చదివే అమ్మాయి స్రవంతిది గుంటూరు, ఇక్కడ ఎమ్మెస్ చదువుతోంది. అరగంటకి బయటికొచ్చింది.

"అమ్మమ్మగారూ, ఈసారి చాలావాటికి 'రోజూ' అందండి. మొదటిదానికీ దీనికీ పొంతన లేదు. ఇలాగైతే తెలుగుని పరీక్షించే లెక్కలోంచి రెండు కాగితాలూ పక్కన పెట్టేస్తారు."

"కాగితాలు పెట్టుకో బిడ్డా. పిల్లని కూడా పక్కన పెడతవా?"

"నా చేతిలో లేదండి. డాక్టర్ కోసం మొదటి జవాబులే చూస్తారు. మార్చాలంటే ఇంట్లోవాళ్లు రాసివ్వాలి."

"రాసిస్తా. నువ్వు చెవులారా విన్నవు, సాక్షి సంతకం పెట్టు."

"నేను పెట్టకూడదండి," అని నేల చూసింది. వినడానికి జీతం ఇస్తారట, విన్నానని చెప్పడానికి కాదట.

ఇంటికి రాగానే సుజాతని టైప్ చేయడానికి కూర్చోబెట్టాను. అన్నిటికీ లేదనే పిల్ల లోకంలో ఉండదని నాకు తెలియకపోవచ్చు, చదువుకున్నవాళ్లకి తెలియొద్దా? మొదటిరోజు ఒక్కరూ అనుమానపడలేదు. అయినా ఆ పిల్ల నోరు మూసింది వాళ్లు కాదు. నేను. మొదటి కాగితం మీదున్నవి నా జవాబులు, రెండోదాని మీదున్నవి నవ్యవి. నా తప్పుకి నన్ను ఏమన్నా అనండి, పడతా. పిల్లకి మాత్రం డాక్టర్‌ని చూపించండి. పోబోయేవాళ్లకి ఒకటే చెప్తున్నా: ఇంట్లో ఏమీ నేర్పకుండా తీసుకుపోండి.

ఇది మల్లవ్వ ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: సుజాత, కూతురు, టైప్ చేసినది. నజీబ్, టాక్సీ డ్రైవర్, మొత్తం ఉర్దూలో చెప్పించుకుని విని, ఫార్సీలో సంతకం చేశాడు.